నేషనల్ క్వాంటమ్ మిషన్, ప్రభుత్వ మద్దతు, శాఖల మధ్య సమన్వయం: తరచుగా అడిగే ప్రశ్నలు

పరమాణు స్థాయి భౌతిక సూత్రాల మీద పనిచేసే కంప్యూటర్లు, సెన్సర్లు, సమాచార పరికరాలు తయారు చేసే క్వాంటమ్ పరిశ్రమ గురించి వచ్చే వార్తలు సాధారణంగా యంత్రం పేరు, క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే అతి చిన్న యూనిట్ల) సంఖ్య, పెట్టుబడి మొత్తం దగ్గరే ఆగిపోతాయి. ఆ యంత్రం ఎవరి డబ్బుతో, ఎవరి బాధ్యత కింద, రేపు ఎవరు కొంటారన్న నమ్మకంతో తయారవుతోందన్న విషయం అంతగా చర్చకు రాదు. విద్యార్థులు, అధ్యాపకులు, చిన్న సాంకేతిక సంస్థలు నడిపేవారు, ప్రజాధనం ఎటు పోతోందో తెలుసుకోవాలనుకునే పౌరులు అడిగే ప్రశ్నలకు ఇక్కడ వీలైనంత వివరంగా జవాబులు ఇస్తున్నాము.

నేషనల్ క్వాంటమ్ మిషన్ అంటే ఏమిటి?

ఇది 2023 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ కార్యక్రమం. 2023-24 నుంచి 2030-31 వరకు ఎనిమిదేళ్ల కాలానికి 6,003.65 కోట్ల రూపాయల వ్యయాన్ని నిర్ణయించారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం దీన్ని అమలు చేస్తోంది. మొదటి మూడేళ్లలో 20 నుంచి 50, ఐదేళ్లలో 50 నుంచి 100, ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 భౌతిక క్యూబిట్లు గల కంప్యూటర్లను సూపర్‌కండక్టింగ్ (అతిశీతలంలో నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే చిప్‌లు), ఫోటానిక్ (కాంతి కణాలు) వంటి వేర్వేరు పద్ధతుల్లో తయారు చేయడం ఒక లక్ష్యం. దేశంలో 2,000 కిలోమీటర్ల దూరంలోని భూకేంద్రాల మధ్య ఉపగ్రహం ద్వారా సురక్షిత క్వాంటమ్ సమాచార మార్పిడి జరపడం, నగరాల మధ్య 2,000 కిలోమీటర్ల మేర క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్ (మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే బయటపడేలా రహస్య తాళాలను పంచుకునే పద్ధతి) సాధించడం, అతి సూక్ష్మ అయస్కాంత క్షేత్రాలను పసిగట్టే మాగ్నెటోమీటర్లను, పరమాణు గడియారాలను, వీటన్నిటికీ కావలసిన పదార్థాలను దేశంలోనే తయారు చేసుకోవడం మిగతా లక్ష్యాలు.

అంతకు ముందు ఈ రంగంలో ప్రభుత్వం ఏమీ చేయలేదా?

చేసింది, కానీ ముక్కలు ముక్కలుగా చేసింది. శాస్త్ర సాంకేతిక విభాగం క్వెస్ట్ అనే పేరుతో పరిశోధనా ప్రాజెక్టులకు నిధులిచ్చింది. సైబర్ ఫిజికల్ సిస్టమ్స్ జాతీయ మిషన్ కింద పుణేలోని ఐసర్ అనే కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థలో క్వాంటమ్ టెక్నాలజీకి ప్రత్యేక హబ్ ఏర్పడింది. 2020-21 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఐదేళ్లకు 8,000 కోట్ల రూపాయలతో ఒక జాతీయ మిషన్‌ను ప్రకటించారు. ఆ ప్రకటన తర్వాత మంత్రివర్గ ఆమోదానికి మూడేళ్లు పట్టింది. ఆమోదించిన మొత్తం తగ్గింది, కాలవ్యవధి పెరిగింది. పరిశోధనలో మూడేళ్లు పోవడం చిన్న నష్టం కాదు. అప్పుడు పీహెచ్‌డీ పూర్తి చేసుకుని ఇక్కడే ఉద్యోగం కోసం ఎదురుచూసిన ఒక తరానికి ఆ మూడేళ్లు తిరిగి రావు.

క్వాంటమ్ టెక్నాలజీకి ప్రభుత్వ డబ్బు ఎందుకు? పరిశ్రమే చూసుకోలేదా?

సాఫ్ట్‌వేర్ సంస్థను నాలుగు కంప్యూటర్లతో మొదలుపెట్టవచ్చు. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్‌ను పరీక్షించాలంటే మాత్రం గది ఉష్ణోగ్రత నుంచి పరమశూన్యానికి ఒక డిగ్రీలో వందో వంతు దూరం వరకు చల్లబరిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ కావాలి, మైక్రోవేవ్ నియంత్రణ పరికరాలు కావాలి, చిప్‌ను తయారు చేసే, ధూళి లేని క్లీన్‌రూమ్ కావాలి. ఇంత ఖర్చు పెట్టిన తర్వాత కూడా అమ్మకానికి పనికొచ్చే యంత్రం ఎప్పటికి వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఐదారేళ్లలో పెట్టుబడి తిరిగి రావాలని చూసే మదుపరి ఇలాంటి చోట వెనుకాడడం సహజం. పైగా ఈ రంగంలో తొలి ప్రయోజనాలు రక్షణ, అంతరిక్షం, సమాచార భద్రత వంటి ప్రభుత్వమే ప్రధాన వినియోగదారు అయిన చోట్ల ఉన్నాయి.

జీపీఎస్ తరహాలో స్థానం తెలిపే మన నావిక్ ఉపగ్రహ వ్యవస్థ అనుభవం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ వ్యవస్థలోని ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ ఉపగ్రహంలో అమర్చిన దిగుమతి రుబీడియం పరమాణు గడియారాలు పనిచేయకుండా పోయాయి, ఆ గడియారం లేనిదే స్థాననిర్దేశం చేయలేని ఉపగ్రహం అసలు పనికి దూరమైంది. 2023 మే 29న ప్రయోగించిన అదే వ్యవస్థలోని ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో తయారైన దేశీయ రుబీడియం గడియారాన్ని పంపారు. మార్కెట్ లెక్కల మీదే వదిలేసి ఉంటే ఆ గడియారాన్ని ఇక్కడ తయారు చేయడానికి ఏ ప్రైవేటు సంస్థా ముందుకు వచ్చేది కాదు.

ఈ మిషన్‌ను ఎవరు నడుపుతున్నారు?

విధాన నిర్ణయాలు మిషన్ గవర్నింగ్ బోర్డు తీసుకుంటుంది. దానికి హెచ్‌సీఎల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన అజయ్ చౌధరి అధ్యక్షులు. శాస్త్రీయ, సాంకేతిక విషయాలను ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు అజయ్ కుమార్ సూద్ అధ్యక్షతలోని మిషన్ టెక్నాలజీ రీసెర్చ్ కౌన్సిల్ చూస్తుంది. రోజువారీ పని శాస్త్ర సాంకేతిక విభాగంలోని సమన్వయ కేంద్రానిది. పరిశ్రమ నుంచి వచ్చిన వ్యక్తిని బోర్డు అధ్యక్షుడిగా పెట్టడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రయోగశాలలో పనిచేసిన పరికరానికీ వినియోగదారుడు కొనే పరికరానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో హార్డ్‌వేర్ అమ్మినవారికే బాగా తెలుస్తుంది.

మిషన్ కింద ఏర్పడిన నాలుగు హబ్‌లు (ప్రధాన పరిశోధనా కేంద్రాలు) ఏవి? అవి ఏం చేస్తాయి?

క్వాంటమ్ కంప్యూటింగ్‌కు బెంగళూరులోని ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ), క్వాంటమ్ కమ్యూనికేషన్‌కు ప్రభుత్వ టెలికాం పరిశోధనా సంస్థ సీ-డాట్‌తో కలిసి ఐఐటీ మద్రాస్, సెన్సింగ్, మెట్రాలజీలకు (కచ్చితమైన కొలతల శాస్త్రానికి) ఐఐటీ బాంబే, పదార్థాలు, పరికరాలకు ఐఐటీ ఢిల్లీ నాయకత్వం వహిస్తున్నాయి. 2024 సెప్టెంబరులో వీటిని ప్రకటించినప్పుడు 43 సంస్థలకు చెందిన 152 మంది పరిశోధకులు 14 సాంకేతిక బృందాలుగా వీటిలో భాగమయ్యారు. ఇవి 17 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో విస్తరించి ఉన్నాయి. హబ్ ఒకచోట ఉన్నా పని దేశమంతటా పంచుకోవాలన్నది దీని ఉద్దేశం.

సమన్వయం అని అందరూ అంటున్నారు. ఆచరణలో దాని అర్థం ఏమిటి?

ఈ పేజీలో రెండు జవాబులు మాత్రమే చదివే తీరిక ఉన్నవారు ఇదీ, తొలి కొనుగోలుదారు గురించిన జవాబూ చదవాలని కోరుతున్నాను.

మన దేశంలో క్వాంటమ్ పని చేస్తున్న ప్రభుత్వ సంస్థలను ఒకసారి చూడండి. శాస్త్ర సాంకేతిక విభాగం కింద మిషన్ నడుస్తోంది. పరమాణు శక్తి విభాగం కింద టీఐఎఫ్‌ఆర్ (టాటా మౌలిక పరిశోధనా సంస్థ) ఉంది. రక్షణ శాఖ కింద డీఆర్‌డీఓకు పుణేలో క్వాంటమ్ టెక్నాలజీల యువ శాస్త్రవేత్తల ప్రయోగశాల ఉంది. అంతరిక్ష విభాగం కింద ఇస్రో తన ప్రయోగాలు తాను చేస్తోంది, 2021 మార్చిలో అహ్మదాబాద్‌లో 300 మీటర్ల దూరానికి గాలిలో క్వాంటమ్ కీ మార్పిడి చేసి చూపింది. టెలికాం శాఖ కింద సీ-డాట్ ఉంది. ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కింద కంప్యూటింగ్ పరిశోధనా సంస్థ సీ-డాక్ ఉంది. ఒక్కొక్కరికీ విడి బడ్జెట్, విడి కొనుగోలు విధానం, విడి గోప్యతా నియమాలు ఉన్నాయి. వీరంతా వేరు కుంపట్లు పెట్టుకుంటే ఒకే రకమైన ఖరీదైన పరికరం ఆరు చోట్ల పెట్టెల్లో దిగుతుంది, దాన్ని నడిపే నిపుణుడు మాత్రం ఒక్కచోటా ఉండడు.

కలిసి పనిచేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2024 ఆగస్టులో ఆరు క్యూబిట్ల సూపర్‌కండక్టింగ్ ప్రాసెసర్‌కు మొదటి నుంచి చివరి వరకు పరీక్ష పూర్తయినట్టు ప్రకటించారు. క్యూబిట్లను ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్ రూపొందించి తయారు చేసింది. వాటిని నియంత్రించే, కొలిచే ఎలక్ట్రానిక్స్‌ను డీఆర్‌డీఓ పుణే ప్రయోగశాల సమకూర్చింది. వినియోగదారుడు క్లౌడ్ నుంచి ప్రోగ్రాం పంపి ఫలితం అందుకునే సాఫ్ట్‌వేర్‌ను టీసీఎస్ రాసింది. పరమాణు శక్తి విభాగానికి చెందిన సంస్థ, రక్షణ పరిశోధనా సంస్థ, ప్రైవేటు సంస్థ ఒకే యంత్రం మీద పనిచేశాయి. ఆరు క్యూబిట్లు ప్రపంచ ప్రమాణాల్లో చిన్న సంఖ్యే. అయినా చిప్ ఎవరిది, ఎలక్ట్రానిక్స్ ఎవరివి, మేధోహక్కులు ఎలా పంచుకోవాలి, సమస్య వస్తే ఎవరు ముందు చూడాలి అన్న పంపకం ఒకసారి పనిచేసి చూపింది. యాభై క్యూబిట్ల యంత్రానికి అవసరమయ్యే పంపకం కూడా అదే తరహాలో ఉంటుంది, కాకపోతే భాగస్వాములు ఎక్కువమంది ఉంటారు.

ఆచరణలో సమన్వయం అంటే ఏ పరికరం ఎక్కడుందో, వారంలో ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందో, బయటివారు ఎంత చెల్లించి వాడుకోవచ్చో తెలిపే జాబితా అందరికీ అందుబాటులో ఉండటం. ఒక విభాగం డబ్బు ఇచ్చిన ప్రాజెక్టు ఫలితాన్ని మరో విభాగం మళ్లీ మొదటి నుంచి పరీక్షించకుండా స్వీకరించటం. కొనబోయే శాఖ తనకేం కావాలో ముందుగానే రాతపూర్వకంగా చెప్పటం.

అన్ని శాఖల క్వాంటమ్ ఖర్చు ఒకచోట కనిపిస్తుందా?

మిషన్ ఖర్చు బడ్జెట్ పత్రాల్లో కనిపిస్తుంది. ఉదాహరణకు 2025-26 బడ్జెట్‌లో దానికి 600 కోట్ల రూపాయలు చూపారు. రక్షణ, అంతరిక్షం, పరమాణు శక్తి, టెలికాం శాఖల లోపల క్వాంటమ్ మీద జరిగే ఖర్చు ఆయా శాఖల పెద్ద పద్దుల్లో కలిసిపోతుంది. అమెరికాలో 2018 డిసెంబరులో నేషనల్ క్వాంటమ్ ఇనిషియేటివ్ చట్టం వచ్చాక అధ్యక్షుడి బడ్జెట్‌కు అనుబంధంగా అన్ని ఏజెన్సీల క్వాంటమ్ వ్యయాన్ని ఒకే నివేదికలో ప్రచురిస్తున్నారు, దాని కోసం ప్రత్యేక జాతీయ సమన్వయ కార్యాలయం కూడా పనిచేస్తోంది. మన దగ్గర కూడా రహస్య వివరాలు మినహాయించి అలాంటి వార్షిక నివేదిక పార్లమెంటు ముందుకు రావాలి. ఖర్చులన్నీ ఒకే పట్టికలో కనిపించినప్పుడే రెండుసార్లు చేస్తున్న పనీ, ఎవరూ చేయని పనీ బయటపడతాయి.

స్టార్టప్‌లకు ప్రభుత్వం ఎలా సాయం చేస్తోంది?

2024 నవంబరులో ఎనిమిది సంస్థలను తొలి విడతగా ఎంపిక చేశారు. ఆ జాబితా ఆలోచించి చేసినట్టు కనిపిస్తుంది. బెంగళూరులోని క్యూపీఏఐ కంప్యూటర్లు తయారు చేస్తుంది, క్యూను ల్యాబ్స్ సురక్షిత సమాచార మార్పిడి పరికరాలు తయారు చేస్తుంది. మిగతా సంస్థల్లో అతిశీతల వాతావరణానికి తగిన కేబుళ్లు చేసే డిమిరా, లేజర్లు చేసే ప్రెనిష్క్, పరమాణు గడియారాల మీద పనిచేసే క్యూప్రయోగ్, సెన్సర్లకు వజ్రపు పదార్థాలు అందించే ప్రిస్టీన్ డైమండ్స్ వంటివి ఉన్నాయి. కంప్యూటర్ తయారీదారుకే కాకుండా ఆ కంప్యూటర్‌కు కేబుల్, లేజర్, డిటెక్టర్ అందించేవారికి కూడా డబ్బు ఇవ్వడం వల్ల సరఫరా గొలుసు తయారవుతుంది.

2025 ఏప్రిల్‌లో క్యూపీఏఐ 25 క్యూబిట్ల సూపర్‌కండక్టింగ్ కంప్యూటర్ ఇండస్‌ను ఆవిష్కరించింది. అదే ఏడాది ఆ సంస్థ సమీకరించిన 3.2 కోట్ల డాలర్ల పెట్టుబడికి అవతార్ వెంచర్స్‌తో కలిసి నేషనల్ క్వాంటమ్ మిషన్ నాయకత్వం వహించింది. అంటే ప్రభుత్వం గ్రాంటు ఇచ్చి పక్కకు తప్పుకోకుండా వాటాదారుగా ప్రైవేటు మదుపరి పక్కన కూర్చుంది. దీనికి తోడు 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ పథకం క్వాంటమ్ వంటి వర్ధమాన రంగాల్లో ప్రైవేటు సంస్థలకు దీర్ఘకాలిక, తక్కువ వడ్డీ రుణాలు, పెట్టుబడులు అందించడానికి ఉద్దేశించినది. మిషన్ గ్రాంటుకూ ఈ పథకం రుణానికీ మధ్య సరిహద్దు ఎక్కడన్నది స్టార్టప్‌లకు స్పష్టంగా చెప్పే ఒకే సహాయ కేంద్రం ఉంటే వారి సమయం ఎంతో ఆదా అవుతుంది.

గ్రాంటు సరిపోదా? తొలి కొనుగోలుదారు గురించి అంతగా ఎందుకు చెబుతున్నారు?

సరిపోదు. గ్రాంటుతో నమూనా తయారవుతుంది. ఆర్డర్ వస్తేనే ఉత్పత్తి తయారవుతుంది. నమూనా తయారు చేసిన సంస్థ గ్రాంటు అయిపోయాక మరో గ్రాంటు కోసం దరఖాస్తు రాస్తుంది, ఆర్డర్ చేతిలో ఉన్న సంస్థ పదిమంది ఇంజనీర్లను చేర్చుకుంటుంది, విడిభాగాలు టోకున కొంటుంది, బ్యాంకు దగ్గరకు వెళ్లి వర్కింగ్ క్యాపిటల్ అడగగలుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా తన పరికరం ఎండలో, దుమ్ములో, కరెంటు హెచ్చుతగ్గుల్లో ఎలా పనిచేస్తుందో నేర్చుకుంటుంది.

మన దేశంలో ఇది ఒకసారి జరిగింది. స్టార్టప్‌ల ఆవిష్కరణల కోసం రక్షణ శాఖ నడిపే ఐడెక్స్ కార్యక్రమంలో పెట్టిన పోటీలో క్యూను ల్యాబ్స్ 150 కిలోమీటర్లకు మించి ఆప్టికల్ ఫైబర్ మీద పనిచేసే క్వాంటమ్ కీ డిస్ట్రిబ్యూషన్ వ్యవస్థను చూపింది. 2022 ఆగస్టులో భారత సైన్యం దాని కొనుగోలు ప్రక్రియ మొదలుపెట్టింది. అవసరాన్ని ముందే చెప్పడం, పోటీ పెట్టడం, పరీక్షించడం, నెగ్గినవారి దగ్గర కొనడం అన్న నాలుగు మెట్లూ ఒకే శాఖ పర్యవేక్షణలో ఉండటమే ఇక్కడ కలిసొచ్చింది. 2023 మార్చిలో ఢిల్లీలో టెలికాం శాఖ ఉండే సంచార్ భవన్‌కూ, సీజీఓ కాంప్లెక్స్‌లోని ఎన్‌ఐసీ (జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం) కార్యాలయానికీ మధ్య క్వాంటమ్ సురక్షిత లింకును ప్రారంభించడం కూడా అలాంటిదే. దాన్ని ఛేదించినవారికి బహుమతి కూడా ప్రకటించారు. దూరం చిన్నదే అయినా ప్రభుత్వం తన కార్యాలయాల మధ్యే వాడి చూడటం విలువైన అడుగు.

బ్రిటన్ ఇంకో మార్గం చూపింది. హార్వెల్‌లోని జాతీయ క్వాంటమ్ కంప్యూటింగ్ కేంద్రం 3 కోట్ల పౌండ్ల పోటీ ద్వారా ఏడు వేర్వేరు సంస్థల నుంచి వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే నమూనా యంత్రాలను కొనుగోలు చేసింది. ఏ పద్ధతి గెలుస్తుందో ముందే తేల్చుకునే ప్రయత్నం చేయకుండా, అన్నిటినీ ఒకచోట పెట్టి పోల్చే అవకాశం కల్పించింది. మన హబ్‌లకు కూడా పరిశోధన బడ్జెట్ నుంచి వేరుగా, దేశీయ సంస్థల పరికరాలు కొనడానికి మాత్రమే ఒక నిధి ఉండాలి. ప్రతి ఏటా ఏ పరికరాలు, ఎన్ని, ఏ ప్రమాణాలతో కొంటారో మూడేళ్ల ముందుగా ప్రకటిస్తే చాలు, దాని ఆధారంగా మదుపరులు తమ లెక్కలు వేసుకుంటారు.

పరికరాలు ఎక్కువగా దిగుమతే కదా? అవి ఆగిపోతే?

ఇది ఊహించిన భయం కాదు. డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌ను దగ్గరగా చూస్తే బంగారు పూత పూసిన రాగి పళ్లాలు ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి, పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ఒక్కో పళ్లెం మరింత చల్లగా ఉంటుంది, అట్టడుగున ఉండే పళ్లేనికి చిప్‌ను బిగిస్తారు. ఆ పళ్లాల గుండా పదుల సంఖ్యలో సన్నని మైక్రోవేవ్ కేబుళ్లు దిగుతాయి, ప్రతి అంచెలోనూ వేడి వల్ల పుట్టే అనవసర సంకేతాలను అణచే అటెన్యుయేటర్లు ఉంటాయి. లోపల తిరిగే హీలియం-3 అనే ఐసోటోపు ప్రధానంగా ట్రిటియం క్షయం వల్ల వస్తుంది, కాబట్టి దాని సరఫరా కొద్ది దేశాల చేతుల్లోనే ఉంది. ఈ రిఫ్రిజిరేటర్లను తయారు చేసే పేరున్న సంస్థలు ఫిన్లాండ్, బ్రిటన్ వంటి చోట్ల ఉన్నాయి.

2024 సెప్టెంబరులో అమెరికా వాణిజ్య శాఖ క్వాంటమ్ ఎగుమతులపై కొత్త నియంత్రణలు తెచ్చింది. 34 లేదా అంతకు మించి పనిచేసే క్యూబిట్లుండి దోషాల రేటు నిర్ణీత పరిమితి లోపల ఉన్న కంప్యూటర్లు, 0.1 కెల్విన్ లేదా అంతకు తక్కువ ఉష్ణోగ్రత దగ్గర 600 మైక్రోవాట్లు లేదా అంతకు మించిన శీతలీకరణ శక్తిని 48 గంటలకు పైగా ఇవ్వగల వ్యవస్థలు ఆ పరిధిలోకి వచ్చాయి. బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, నెదర్లాండ్స్, స్పెయిన్ కూడా ఇలాంటి నియంత్రణలే పెట్టాయి. అంటే మన లక్ష్యం 50 క్యూబిట్ల దగ్గర ఉంటే, ప్రపంచం గేటు అంతకు ముందే ఉంది. ఇక్కడ విదేశాంగ శాఖ, వాణిజ్య శాఖ, శాస్త్ర సాంకేతిక విభాగం ఒకే మాట మీద ఉండి భాగస్వామ్య దేశాలతో లైసెన్సుల గురించి మాట్లాడాలి. ఏ విడిభాగం దిగుమతి ఆగిపోతే ఏ ప్రాజెక్టు ఆగుతుందో తెలిపే పట్టిక వారి చేతిలో ఉండాలి.

చిప్‌ల తయారీకి దేశంలో సౌకర్యం ఉందా?

విడివిడిగా మంచి క్లీన్‌రూమ్‌లు ఉన్నాయి. 2025 నవంబరులో ఐఐటీ బాంబే, ఐఐఎస్‌సీ, ఐఐటీ కాన్పూర్, ఐఐటీ ఢిల్లీలలో 720 కోట్ల రూపాయలతో క్వాంటమ్ తయారీ, పరీక్షా కేంద్రాలను ప్రకటించారు. వీటి ద్వారాలు స్టార్టప్‌లకు, చిన్న కాలేజీల బృందాలకు ఎంత తెరిచి ఉంటాయన్నదే అసలు విషయం. ఆతిథ్య సంస్థ విద్యార్థులకు ముందు వరుస, బయటివారికి మిగిలిన గంటలు అన్న పద్ధతి మన విద్యాసంస్థల్లో అలవాటైంది. ఇక్కడ మాత్రం బయటివారికి నిర్ణీత వాటా గంటలు ముందే రాసిపెట్టాలి. యంత్రాలు నడిపే సాంకేతిక నిపుణులకు ఏడాది కాంట్రాక్టు ఇవ్వకుండా శాశ్వత ఉద్యోగం ఇవ్వాలి. చిప్ మీద సూక్ష్మ నమూనాలు గీసే ఎలక్ట్రాన్ బీమ్ యంత్రాన్ని సరిగా వాడటం చేతికి రావడానికే ఏళ్లు పడుతుంది.

ప్రభుత్వ కొనుగోలు నిబంధనలు ఇంకా అడ్డంకిగానే ఉన్నాయా?

కొంత సడలించారు. 2025 జూన్‌లో శాస్త్రీయ పరికరాల కొనుగోలు విషయంలో పరిశోధనా సంస్థల డైరెక్టర్లకు, వైస్ ఛాన్సలర్లకు ప్రభుత్వ ఈ-మార్కెట్‌ను తప్పనిసరిగా వాడాల్సిన అవసరం లేకుండా అధికారమిచ్చారు. కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెంచారు. 200 కోట్ల రూపాయల వరకు గ్లోబల్ టెండర్లను ఆమోదించే అధికారమూ వారికి ఇచ్చారు. ఇది పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా కోరుతున్న మార్పు. అయితే దిగుమతి సులువై దేశీయ కొనుగోలు కష్టంగానే ఉంటే మన సంస్థలకు నష్టం. తక్కువ ధర చెప్పినవారికే ఆర్డర్ అన్న సూత్రం మొదటిసారి తయారవుతున్న పరికరానికి సరిపోదు.

అమరావతి క్వాంటమ్ వ్యాలీ ఈ మిషన్‌లో భాగమేనా?

అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కార్యక్రమం. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో కలిసి దీన్ని ప్రకటించారు. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ గల ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూను అమరావతిలో నెలకొల్పడం ఇందులో ప్రధానం. రెండిటి ఉద్దేశాలు వేరు. మిషన్ యంత్రాన్ని ఇక్కడ తయారు చేయించాలని చూస్తుంది. అమరావతి ప్రణాళిక తయారైన మేటి యంత్రాన్ని తెచ్చి, దాని చుట్టూ అల్గారిథమ్‌లు, ఉపయోగాలు, శిక్షణ, పరిశ్రమ పెరిగేలా చూడాలనుకుంటుంది. రెండూ అవసరమే, కానీ రెండిటినీ ఒకటిగా చెప్పుకుంటే ప్రమాదం. ఒకచోట 156 క్యూబిట్లు వచ్చాయి కాబట్టి దేశీయ హార్డ్‌వేర్ లక్ష్యం నెరవేరిందని ఎవరూ అనుకోకూడదు. అదేవిధంగా బయటి నుంచి తెచ్చిన యంత్రం కాబట్టి దానివల్ల ప్రయోజనం లేదనడమూ తప్పే. గుంటూరు, విజయవాడ కాలేజీల విద్యార్థికి నిజమైన ప్రాసెసర్ మీద ప్రోగ్రాం నడిపే గంటలు ఎన్ని దొరుకుతాయన్నది ఆ ప్రాజెక్టుకు సరైన పరీక్ష. ఆ గంటల కేటాయింపు విధానాన్ని రాష్ట్రం బహిరంగంగా ప్రకటించాలి.

రాష్ట్రాలు పోటీ పడటం మంచిదేనా?

కొంతవరకు మంచిదే. కర్ణాటక 1,000 కోట్ల రూపాయల ప్రణాళిక ప్రకటించి, బెంగళూరు శివార్లలోని హెసరఘట్టలో క్వాంటమ్ సిటీకి స్థలం కేటాయించింది. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, టీఐఎఫ్‌ఆర్ ఉన్నాయి, డీఆర్‌డీఓ ప్రయోగశాలలు ఉన్నాయి, బాలానగర్, చర్లపల్లి వంటి చోట్ల ఇస్రోకు, డీఆర్‌డీఓకు అతి కచ్చితమైన లోహ భాగాలు చేసిచ్చిన వర్క్‌షాపుల అనుభవం ఉంది. వ్యాక్యూమ్ ఛాంబర్లు, క్రయోస్టాట్ (అతిశీతలంగా ఉంచే పరికరం) భాగాలు చేయడానికి ఆ చేతులే కావాలి. కాబట్టి ప్రతి రాష్ట్రం పూర్తి యంత్రాన్నే కోరుకోనవసరం లేదు. ఏ రాష్ట్రం ఏ భాగంలో బలంగా ఉందో చూసి కేంద్రం ఆ పనికే తోడ్పాటు ఇస్తే భూమి రాయితీల మీద పోటీ తగ్గుతుంది.

బ్యాంకులు, ఆసుపత్రులు, సాధారణ సంస్థలు ఇప్పుడు ఏం చేయాలి?

శక్తిమంతమైన క్వాంటమ్ కంప్యూటర్ వస్తే నేటి ఆర్‌ఎస్‌ఏ వంటి రహస్యలిపి పద్ధతులు నిలవవు. ఈ రోజు సేకరించి దాచుకున్న సమాచారాన్ని అప్పుడు విప్పే ప్రమాదం ఉంది కాబట్టి, దీర్ఘకాలం రహస్యంగా ఉండాల్సిన సమాచారానికి ఇప్పుడే జాగ్రత్త అవసరం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో క్వాంటమ్ కంప్యూటర్లకు కూడా తట్టుకునేలా రూపొందించిన రహస్యలిపికి మూడు కొత్త ప్రమాణాలను ఖరారు చేసింది. వీటికి క్వాంటమ్ పరికరాలు అక్కర్లేదు, చాలావరకు సాఫ్ట్‌వేర్ మార్పు చాలు. ముందుగా ఏ వ్యవస్థలో ఏ రహస్యలిపి వాడుతున్నారో జాబితా రాసుకోవాలి.

ఇంజనీరింగ్ విద్యార్థులకు అవకాశం ఎలా?

సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ, శాస్త్ర సాంకేతిక విభాగం కలిసి బీటెక్ విద్యార్థులకు క్వాంటమ్ టెక్నాలజీలలో మైనర్ కోర్సు రూపొందించాయి. దాన్ని మూడో సెమిస్టర్ నుంచి చేయవచ్చు, కనీసం 18 క్రెడిట్లు ఉంటాయి. ఫిజిక్స్ వారికే ఈ రంగం అన్న అపోహ వద్దు. మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, ఆప్టిక్స్, మెకానికల్ డిజైన్, కంపైలర్లు తెలిసినవారు ఇక్కడ తక్కువగా ఉన్నారు. బోధించే అధ్యాపకులకు ముందు ప్రయోగశాలలో శిక్షణ ఇవ్వకుండా కోర్సు పెట్టే కాలేజీల్లో మాత్రం పిల్లలకు సర్టిఫికెట్ తప్ప ఏమీ రాదు.

మిషన్ విజయాన్ని దేనితో కొలవాలి?

క్యూబిట్ల సంఖ్య ఒక్కటే చాలదు. ఆ క్యూబిట్ల మీద రెండు క్యూబిట్ల గేటు (రెండిటినీ కలిపి చేసే ప్రాథమిక గణన) ఎంత తప్పు చేస్తోంది, యంత్రం నెలలో ఎన్ని గంటలు బయటి వినియోగదారులకు అందుబాటులో ఉంది, అందులో దేశీయంగా తయారైన భాగాల విలువ ఎంత అన్న మూడు అంకెలను ప్రతి ఏటా ప్రచురించాలి. కమ్యూనికేషన్‌లో కూడా కిలోమీటర్లతో పాటు సెకనుకు ఎన్ని బిట్ల రహస్య తాళం దొరుకుతోంది, లింకు ఏడాదిలో ఎన్ని రోజులు ఆగకుండా పనిచేసింది అన్నవి చెప్పాలి.

2031 మార్చి తర్వాత ఏమవుతుంది?

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది. మిషన్ కాలం 2030-31తో ముగుస్తుంది. 2027లో పీహెచ్‌డీలో చేరే విద్యార్థి బయటికి వచ్చేసరికి ఆ గడువు దాటిపోవచ్చు. హబ్‌లలో చేరిన నిపుణులు తమ ఉద్యోగం కొనసాగుతుందో లేదో తెలియకపోతే 2029లోనే వేరే దారి వెతుక్కుంటారు. బ్రిటన్ 2014లో మొదలుపెట్టిన కార్యక్రమానికి 2019లో రెండో దశ ఇచ్చింది, 2023లో పదేళ్లకు 250 కోట్ల పౌండ్ల వ్యూహం ప్రకటించింది, 2024లో హబ్‌లను కొత్తగా ఎంపిక చేసింది. ఏ దశ ముగింపూ అక్కడి పరిశోధకులకు అకస్మాత్తుగా ఎదురుకాలేదు. మన మిషన్ రెండో దశ ఉంటుందా, ఉంటే ఏ హబ్‌కు ఏ షరతుల మీద కొనసాగింపు ఉంటుంది అన్నది మంత్రివర్గం 2028 లోపు తేల్చి చెప్పాలి.